చావడికి కటకటాలు

భూకంపానికి ఒరిగి, వెదురు ఆసరాల మీద నిలబడ్డ పాత చావడిని బాగుచేసే విషయమై నేపాల్‌లోని పాటన్‌లో మీటింగు పెట్టారు. పెట్టింది ఆ చావడి ముందు అరుగు మీదే, చిరిమయ ముప్పై ఏళ్లుగా ఆవాకు, ముల్లంగి అమ్ముకునే చోట. లేవమంటారేమోనని చూసింది. ఎవరూ అనలేదు. గంప కాస్త పక్కకు జరుపుకుని కూర్చుంది.

పురావస్తు శాఖ ఇంజనీరు నిరోజ్ కాగితం పరిచాడు. "పాత స్తంభాలే వాడతాం. కాకపోతే ముందువైపు కటకటాలు పెట్టి తాళం వేయాలి. లేకపోతే జనం పాడుచేస్తారు."

"తాళంచెవి మా దగ్గరుండాలి. సాయంత్రాలు పాడుకునేది మేమే కదా," అన్నాడు భజన బృందం పెద్ద ఆశాకాజీ.

"వార్డు ఆఫీసులో ఉంటుంది పెద్దాయనా," అన్నాడు వార్డు సభ్యుడు సంజీవ్.

అరగంట సేపు తాళంచెవి చుట్టూనే తిరిగారు. చిరిమయకు నవ్వు ఆగలేదు.

"ఎందుకమ్మా నవ్వుతావు?" అన్నాడు నిరోజ్.

"పొద్దున్నే ఊడ్చేది నేను. తాళంచెవి నాకిస్తారేమో అనుకుంటున్నా."

వడ్రంగి పూర్ణమాన్ స్తంభాల వైపు చెయ్యి చూపాడు. "ఆమె అన్నది నిజమే. ఊడ్చే మనిషి లేని చోట ఆకులు పేరుకుంటాయి, తడి నిలుస్తుంది, స్తంభం మొదలు కుళ్లుతుంది. ఈ పక్కవీ, ఆ పక్కవీ చూడండి."

చూశారు. చిరిమయ కూర్చునే వైపు స్తంభాలు గట్టిగా ఉన్నాయి.

సంజీవ్ ఫారం తిరగేశాడు. "కమిటీలో ముగ్గురు ఆడవాళ్లు ఉండాలి. లేకపోతే ఫైలు కదలదు. అక్కా, సంతకం పెడతావా?"

"ఆ కాగితంలో కటకటాలు కొట్టేస్తే పెడతా."

అంత తేలిగ్గా ఒప్పుకోలేదు వాళ్లు. చిరిమయ పూలమ్మే తోటి మనిషినీ, తన ఆడపడుచునూ కమిటీలోకి తెచ్చింది. మూడు మీటింగులు అయ్యాయి. చివరికి కటకటాలు పోయాయి. బదులుగా భజన వేళకు గంపలు తీసేయాలన్నాడు ఆశాకాజీ. చిరిమయ గొణుక్కుంటూనే సరేనంది.

ఏడాదికి చావడి నిలబడింది. కుళ్లిన మొదళ్లకే పూర్ణమాన్ కొత్త చెక్క అతికించాడు.

ఆషాఢంలో ఒకరోజు చిరిమయ వచ్చేసరికి కుండపోత. బడిపిల్లలు, బరువు దించుకున్న కూలీలు, తడిసిన ఫైలు చంకలో పెట్టుకున్న నిరోజ్, అందరూ చావడిలోనే. గంప దించడానికి జానెడు చోటు లేదు.

"కాస్త జరుగు నాయనా," అంది ఇంజనీరుతో, లోపలికి దూరుతూ.