ఫ్లెక్సీ మీద మనిషి

షాపు ముందు ఊడుస్తోంది ఆమె. తల పైన, గోడ నిండా ఫ్లెక్సీ. 'యోగా అందరికీ' అని పెద్ద అక్షరాలు, వాటి పక్కన ఒంటికాలి మీద నిలబడి చేతులు జోడించిన సన్నటి అమ్మాయి. ఆ అమ్మాయి ఆమె తోటికోడలు. ఆ పిల్లకి యోగా ఎలా ఉంటుందో కూడా తెలియదు. "బావగారు ఫోటో తీస్తానంటే నిలబడ్డానక్కా, ఇందుకని తెలీదు," అని తర్వాత చాలాసేపు బాధపడింది.

ఫ్లెక్సీలు వేసే షాపు భర్తది. యోగా చెప్పేది ఈమె. నీ ఫోటో పెడితే బస్తా అనుకుని, ఇది బియ్యం కొట్టు అనుకుంటారు అన్నాడతను, నవ్వుతూనే. అతను ఏ మాటైనా నవ్వుతూనే అంటాడు, అందుకే ఎవరికీ తప్పు కనబడదు. నువ్వు మెట్లెక్కితే మెట్లకి ఆయాసం వస్తుందని అత్తగారు అన్నప్పుడూ ఇల్లంతా నవ్వింది. ఈమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఉడుక్కుందంటారు.

ఏడాదిపాటు సెలవురోజుల్లో, పొద్దున్నే ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, యోగా శిక్షణకి వెళ్ళింది. మోకాలు మడత పడక ఒకరోజు ఏడుస్తుంటే, నేర్పే పెద్దావిడ కుర్చీ తెచ్చి వేసింది. వంగలేని వాళ్ళకి ఎలా చెప్పాలో వంగలేని నీకే తెలుస్తుంది అంది. ఆ మాట పట్టుకుని పట్టా తెచ్చుకుంది. కింద కూర్చోలేని వాళ్ళకీ, నడుం పోయిన వాళ్ళకీ కుర్చీలో చెప్తానని భర్తతో అంటే, "అలాగైతే ఆఫీసుల్లో ఉన్నవాళ్ళంతా యోగులేనన్నమాట," అన్నాడు. ఆ మాట షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. అయినా షాపు వెనక గదిలోంచి ఫ్లెక్సీ రోల్స్ బయటికి తీసి గది ఇచ్చాడు. ఇచ్చానని కూడా అందరికీ చెప్పాడు.

మొదటిరోజు కొందరు అమ్మాయిలు వచ్చారు. ఆమె కుర్చీలు సర్దుతుంటే, మేడమ్ ఎప్పుడొస్తారని ఆమెనే అడిగారు. తనేనని చెప్పింది. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, మర్యాదగా ఆ గంటా కూర్చున్నారు, మళ్ళీ రాలేదు. "ఫ్లెక్సీ పిలుచుకొచ్చింది, నువ్వు తరిమేశావు," అన్నాడు భర్త. నెలాఖరులోపు మనుషులు రాకపోతే రోల్స్ మళ్ళీ గదిలో పెట్టేస్తానన్నాడు. రేపటితో నెల ఆఖరు. ఆ బొమ్మ తీసెయ్యమని అడగాలని రోజూ అనుకుంటుంది. అడిగితే ఏమంటాడో, దానికి ఇల్లంతా ఎలా నవ్వుతుందో ముందే వినబడి, అడగదు.

"ఏమమ్మా," అన్న పిలుపుకి చీపురు ఆపింది. ఎదురు సందులో బట్టలు కుట్టే ఆవిడ. ఎప్పుడో జారిపడింది, అప్పట్నుంచీ కర్ర పట్టుకునే నడుస్తుంది. "రోజూ ఇటే వెళ్తాను. అందరికీ అని రాశారు గానీ, ఆ పిల్లని చూస్తే మనకెందుకులే అనిపిస్తుంది. నాలాంటిదానికి చెప్తారంటావా? ఆ మేడమ్ నీకు తెలుసా?"

ఊడ్చే మనిషనుకుంది తనని. తప్పేముంది, ఊడుస్తోందిగా. ఆ మేడమ్‌ని నేనే అనబోయింది. ఆ అమ్మాయిల మొహాలు గుర్తొచ్చాయి.

"తెలుసు. రేపు పొద్దున ఉంటారు, రండి. కుర్చీలో కూర్చోబెట్టే చేయిస్తారు."

"నవ్వదు కదా నన్ను చూసి? సన్నగా ఉన్నవాళ్ళకి మన బాధలేం తెలుస్తాయి."

లోపల మెషిను చప్పుడు ఆగింది. ఎవరితో ఆ మాటలని కేకేస్తూ భర్త గుమ్మంలోకి వచ్చాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

"ఆవిడా నా అంతే ఉంటారు," అంది. "ఆ బొమ్మ ఆవిడది కాదు."

ఆవిడెవరో చెప్పడానికి మాత్రం అప్పటికీ నోరు రాలేదు.