కోమలి గిన్నె ఇంకా పైనే ఉంది

నేను ఒక చిన్న స్టీలు గిన్నెను. అడిగేవాళ్లు లేరు గానీ నా భయమేమిటో ముందే చెప్పేస్తాను. కింది వాటాలో ఉండే కోమలికి ఏదో ఒకరోజు ఏదో అవుతుంది. నెత్తి మీదే కాపురముంటున్నా పై వాటాలో ఎవరికీ తెలియదు.

నేను పుట్టింది యంత్రం కింద. రేకుగా ఉన్నదాన్ని ఒక్క నొక్కుతో గుంట చేసి, నాలాంటివాళ్లతో దొంతర పెట్టి ఏలూరు కొట్టుకి పంపారు. కోమలి పెళ్లికి వాళ్లమ్మ నన్ను కొంది. కొట్లో పేర్లు కొట్టే ఆయన నా నడుం మీద చుక్క చుక్కగా సూది దింపుతుంటే ప్రాణం పోయినంత పనైంది. అప్పటిదాకా గిన్నెల్లో ఒక గిన్నెను. ఆ తర్వాత కోమలి గిన్నెను. నాకొచ్చిన చదువల్లా ఆ మూడక్షరాలే.

కోమలి మొగుడు సూరిబాబు లారీ మీద పోతే ఎప్పటికొస్తాడో చెప్పలేం. ఒక్కత్తికీ ముద్ద దిగక, వండిందాంట్లో కాస్త నాలో పెట్టుకుని మెట్లెక్కేది. పైన నాగరత్నంగారు.

"గోంగూర చేశాను పిన్నిగారూ. ఉప్పెక్కువైందేమో చూడండి."

"ఉప్పు సంగతి తర్వాత. ముందు కూర్చోవే."

ఉప్పు దగ్గర మొదలైన మాట ఊరంతా తిరిగి, పొయ్యి మీద పాలు పొంగితే గానీ ఆగేది కాదు. మనుషులకి ఊరికే మాట్లాడుకోవాలంటే సిగ్గు. ఏదో ఒక సాకు చేతిలో ఉండాలి. ఆ సాకు నేను.

ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని వీళ్లకో పట్టింపు. గోంగూరతో వెళితే సున్నుండలతో వచ్చేదాన్ని. ఇంట్లో ఏమీ లేనినాడు గుప్పెడు పంచదారైనా పోసి పంపేది ఆవిడ.

కోమలి కడుపుతో ఉన్నప్పుడు ఒకరోజు నన్ను అందుకోబోయి నాగరత్నంగారు ఆగిపోయింది.

"ఆ మొహమేంటే అలా ఉబ్బింది? కాళ్లేవీ, చూపించు."

"నిద్రెక్కువై పిన్నిగారూ."

"నాకు చెప్పొచ్చావు. చెప్పులేసుకో, పద."

ఆసుపత్రిలో బీపీ బాగా పెరిగిపోయిందన్నారట. ఇంకాస్త ఆలస్యమైతే తల్లీ బిడ్డా దక్కేవాళ్లు కాదన్నారట. ఆ పూట నాలో ఉన్నది ఉత్త దోసకాయ పప్పు. దాని వంకన మొహం చూసింది కాబట్టి తెలిసింది.

ఆ తర్వాత నాగరత్నంగారికి వాళ్లాయన కొత్త ఫోను కొన్నాడు. దాన్ని నేను తిట్టను. అదీ నాలాగే యంత్రాల మధ్య పుట్టిందే. కానీ మెట్ల మీద అడుగుల చప్పుడు తగ్గిపోయింది. కూర ఫొటో పైకి వస్తుంది, దండం పెట్టే బొమ్మ కిందికి పోతుంది. ఉప్పు చూడమని అడిగే పని లేదు. వండే ఓపిక లేకపోతే ప్లాస్టిక్ డబ్బాల్లో తెప్పించుకుంటారు. ఎవరికీ తిరిగి ఇవ్వక్కర్లేని గిన్నెలవి.

పాపకి మూడో నెల వచ్చిన రోజున, పాపని చంకనేసుకుని కోమలి తెస్తే, నేను పరమాన్నంతో చివరిసారి పైకి వచ్చాను. పురిటికి సాయమొచ్చిన కోమలి వాళ్లమ్మ వరికోతలని అప్పటికే ఊరెళ్లిపోయింది. నాగరత్నంగారు ఫోను పట్టుకుని, "ఉండుండు, పాపని ఇటు తిప్పు, నవ్వించు" అంటూ వీడియో తీసింది. పాప బోసినవ్వు చక్కగా వచ్చింది. ఎత్తుకున్నదాని మొహం తెరలోకి రాలేదు. నా అంచు మీద పడింది. దువ్వుకోని తల, గుంటలు పడ్డ కళ్లు. ఆ రోజు ఆ మొహం చూసింది నేనొక్కదాన్నే.

అప్పట్నించీ నేను ఇక్కడే, వంటింటి కిటికీ పక్కన అరలో బోర్లా పడి ఉన్నాను.

"ఆడపిల్ల పుట్టిన ఇంటికి ఖాళీ గిన్నె ఎలా ఇస్తాను? ఏదైనా తీపి చేసి ఇస్తాలే" అంది నాగరత్నంగారు వాళ్లాయనతో. తీపి చేయడం పడలేదు. రోజులు గడిచేకొద్దీ, "ఇన్నాళ్లయ్యాక ఏ మొహం పెట్టుకుని వెళ్లను" అనడం మొదలెట్టింది. ఇన్నాళ్లూ నన్ను తిప్పిన పట్టింపే ఇప్పుడు నన్ను కట్టేసింది.

కిటికీలోంచి కింద ఏం జరుగుతోందో నాకు వినబడుతుంది. మొదట్లో పాపకి నీళ్లు పోస్తూ కోమలి కబుర్లు చెప్పేది. తర్వాత కబుర్లు పోయి ఫోను పాటలొచ్చాయి. ఇప్పుడు ఒకటే పాట తిరిగి తిరిగి వస్తుంది. పాప ఏడ్చి ఏడ్చి ఆగుతుంది. ఆపైన కుళాయి విప్పిన చప్పుడు. ఆ నీళ్ల చప్పుడు వెనక కోమలి ఏడుస్తుంది. నిన్న ఏడుపు మధ్యలో, "నా వల్ల కాదే తల్లీ, నేను పోతే నిన్నెవరైనా బాగా చూసుకుంటారు" అంది. పాపకి మాటలు రావు. విన్నదాన్ని నేను.

ఇవాళ నాగరత్నంగారు పక్క గిన్నె లాగుతుంటే అదే అదనని జారి కింద పడ్డాను. నాకు చేతనైంది అదే. ఆవిడ నన్ను తీసి తుడిచింది. పేరు మీద బొటనవేలు ఆగింది. "పాపం ఎలా ఉందో పిచ్చిది" అనుకుంది. ఇక మెట్లు దిగుతుందనుకున్నాను. ఫోను తీసింది.

బాగున్నావా అమ్మా అని పంపింది. కాసేపటికి జవాబొచ్చింది, పైకి లేపిన బొటనవేలు బొమ్మ.

"బాగానే ఉందటండీ" అంది వాళ్లాయనతో. నన్ను మళ్లీ బోర్లించింది.

కింద కుళాయి విప్పారు.

నా గొంతు ఆవిడకి వినబడదు. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. మీ వంటింట్లో కూడా వేరేవాళ్ల పేరున్న గిన్నె ఒకటి ఉండే ఉంటుంది. ఏదో చేసి ఇద్దామని ఆగకండి. ఖాళీదే తీసుకెళ్లండి. తలుపు తట్టి, తీసినామె మొహం ఒక్కసారి చూసి రండి.