మెరుపు అనబోయి మిరప

నేను ఒక కుంచెను. ఎనిమిదో నంబరు చదును కుంచెను. బొమ్మలు వేసే గొప్పింటి కుంచెలు వేరే ఉన్నాయి. మాది అక్షరాలు రాసే జాతి. ఉత్తరాదిలో ఎక్కడో ఒక ఇరుకు వీధిలో నా వెంట్రుకలు కట్టగట్టి, రేకు గొట్టంలో బిగించి, కర్రకు ఎర్రరంగు పూశారు. ఉడుత తోక వెంట్రుకలని డబ్బా మీద రాసి ఉండేది. నిజమెంతో నాకూ తెలియదు. నా పుట్టుక గురించి నాకున్న ఆధారం ఆ డబ్బా ఒక్కటే. మనుషులది మాత్రం ఇంతకంటే గట్టి ఆధారమా అనిపిస్తుంది ఒక్కోసారి.

గుంటూరులో రంగుల కొట్టులో నన్ను కొన్నవాడు షేక్ మస్తాన్‌వలీ, సైన్‌బోర్డుల పెయింటరు. కొనేముందు నా వెంట్రుకల్ని బొటనవేలి గోరు మీద ఆడించి చూశాడు, పెళ్ళిచూపుల్లో కూడా అంత పరీక్ష ఉండదు. నేను నెగ్గాను. ఆ రోజు నుంచి ఆయన చెయ్యే నా ఊరు.

మిర్చి యార్డు చుట్టుపక్కల మేం రాయని గోడ లేదు. కమీషన్ కొట్లు, కోల్డ్ స్టోరేజీలు, విత్తనాల దుకాణాలు, లారీల వెనక డాలా తలుపులు. సుద్ద పూసిన దారం గోడకు అదిమి పట్టి టప్పున కొడితే గీత పడేది. ఆ గీత మీద మస్తాన్ ఎడంచేతిలోని కర్రకు కుడి మణికట్టు ఆనించి అక్షరాలు దించేవాడు. అక్షరం రాయడమని ఆయన అనడు, దించడమంటాడు. ‘మిరప’ అనే మాటను మేమిద్దరం ఎన్ని వేల సార్లు దించామో లెక్క లేదు. పోనుపోను ఆయన పక్కకు తిరిగి బీడీ వెలిగించుకుంటూ కూడా ఆ మూడు అక్షరాలూ రాసేవాడు. నాకూ దారి తెలిసిపోయింది. సాయంత్రం పూట ఇంటిదారి పట్టిన గేదెలాగా ఆ మలుపులు నేనే తిరిగేదాన్ని.

పని అయ్యాక బోర్డు కుడిమూల చిన్నగా ‘మస్తాన్ ఆర్ట్స్’ అని రాసేవాడు. దానికి ఒక కట్టుబాటు ఉంది. అక్షరం తప్పు పడిన బోర్డు మీద పెయింటరు పేరు ఉండకూడదు. ఉచితంగా మళ్ళీ రాసివ్వాలి, పేరు మాత్రం రాసుకోకూడదు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారని అడక్కండి, ఆయన గురువు పెట్టాడు, ఆ గురువుకు ఎవరు పెట్టారో తెలియదు. నలభై ఏళ్ళలో మస్తాన్ పేరు రాసుకోని బోర్డులు రెండే.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. నేను దాని గురించి ఏడవను, చెట్టంత మనిషి మొహాన్ని అరగంటలో గుడ్డ మీదికి దించే యంత్రంతో ఎనిమిదో నంబరు కుంచె ఏం పోటీ పడుతుంది. నన్ను శుభ్రంగా కిరసనాయిల్లో కడిగి, వెంట్రుకలకు కాస్త నూనె రాసి, పాత పచ్చడి సీసాలో నిలబెట్టారు. అందులో ఏడేళ్ళు ఉన్నాను. ఊరగాయ వాసన ఇంకా నా రేకులో ఉంది.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం పొద్దున హైమ, ఫణి వచ్చారు. హైమ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. పొద్దున్నే లేచి డ్యూటీకి వెళ్ళేలోపు బొమ్మలు వేస్తుంది. ఫణి ఒక కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ ఆపరేటరు, కథలు రాస్తాడు. ఇద్దరూ కలిసి ఏడాదిగా ఒక కామిక్ పుస్తకం తయారుచేస్తున్నారు. అట్ట మీద పేరు రాసి పెట్టమని అడగడానికి వచ్చారు.

“కంప్యూటర్లో అక్షరాలు బోలెడుంటయ్యంట గదమ్మా,” అన్నాడు మస్తాన్.

“అన్నీ పెళ్ళికార్డుల్లా ఉన్నాయి బాబాయ్,” అంది హైమ. “మాది సూపర్ హీరో కథ. మీ బోర్డులు చూస్తూ పెరిగాం. ఆ అక్షరాలు కావాలి.”

“సూపర్ హీరో అంటే?”

ఫణి అందుకున్నాడు. మంగ అని యార్డులో మిరపకాయల తొడిమలు తీసే కూలీ. ఒక వానరోజు ఆమె పక్కన ట్రాన్స్‌ఫార్మర్ పేలుతుంది. మెరుపు ఆమె ఒంట్లోకి దూరుతుంది. ఇక అన్యాయం చేసేవాళ్ళ పని అంతే. కథ పేరు ‘మెరుపు మంగ’. ట్రాన్స్‌ఫార్మర్ పేలే చోట ఫణి చేతులు రెండూ పైకి ఎగిరాయి. ఆ ఘట్టమంటే అతనికి ప్రాణం.

మస్తాన్ ఏడేళ్ళ తర్వాత నన్ను సీసాలోంచి తీసి గోరు మీద ఆడించి చూశాడు. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం చెప్పుకోవడానికి సిగ్గుపడను. మందపాటి అట్ట మీద హైమ బొమ్మ అచ్చువేసి తెచ్చింది. మంగ చేతులు చాచి నిలబడి ఉంది, పైన పేరుకు చోటు వదిలారు. మస్తాన్ సుద్ద గీత కొట్టాడు. పసుపు రంగులో నన్ను ముంచాడు. అక్షరాలు చకచకా దిగాయి. ఎర్రరంగుతో అంచు కట్టి, కుడిమూల తన పేరు రాసుకున్నాడు. హైమ కళ్ళు మెరిశాయి. ఫణి ఫోన్లో ఫొటో తీశాడు. మస్తాన్ భార్య జైనబీ టీ ఇచ్చింది. నలుగురూ ఆ అట్టను తనివితీరా చూశారు.

అట్ట మీద ‘మిరప మంగ’ అని ఉంది.

మ మీద ఎత్వం పెట్టాల్సిన చోట గుడి పడింది. ర కొమ్మూ ప కొమ్మూ ఎగిరిపోయాయి. మస్తాన్ చెయ్యి అలవాటు దారి పట్టింది, నేను అడ్డం చెప్పకపోగా ముందు నడిచాను. సగం పాపం నాదే. రాసినవాడు తను రాయాలనుకున్నది చదివాడు, రాయించుకున్నవాళ్ళు ఏడాదిగా నోట్లో నానుతున్నది చదివారు. చదువుకున్న మనుషులు కాగితం మీద ఉన్నది చదవడం చాలా అరుదు.

వాళ్ళ పుస్తకాన్ని ఏ ప్రచురణకర్తా వేయనన్నాడు. అందుకని ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టారు. మూడు వందల యాభై మంది ముందుగానే పుస్తకం కొంటామని డబ్బు కడితే అచ్చు వేస్తారు. నలభై రోజుల గడువు. ఒక్కరు తగ్గినా ఎవరి డబ్బు వాళ్ళకు వెనక్కి పోతుంది, పుస్తకం లేనట్టే. పూర్వం భజన మందిరానికి చందాలు పోగేసే పద్ధతే ఇది, కాకపోతే ఇక్కడ ఎవరూ గుమ్మం దగ్గర నిలబడి మొహమాట పెట్టరు. మొదటి పన్నెండు రోజుల్లో నూట పన్నెండు మంది చేరారు. అందులో సగం చుట్టాలే.

పదమూడో రోజు ఫణి మేనత్త ఫోన్ చేసి, “మెరుపు అని చెప్తివి, మిరప అని రాయించుకున్నావేందిరా,” అంది. గంటలో ఆ పేజీ కింద నవ్వులు మొదలయ్యాయి. కిలో ఎంత అని ఒకరు, కారం పొట్లం ఉచితమా అని ఒకరు.

“రెండు నిమిషాల పని,” అన్నాడు ఫణి. “కంప్యూటర్లో కొమ్ములు తగిలించి ఎత్వం పెడతా. ఎవరికీ తెలియదు.”

“ఆయన పేరుంది కింద,” అంది హైమ. “ఆయన్ని అడక్కుండా ఆయన అక్షరం ఎట్లా ముట్టుకుంటాం.” పేజీలోంచి అట్ట బొమ్మ తీసేసి, అసలు అట్ట పట్టుకుని ఇద్దరూ మస్తాన్ ఇంటికి వచ్చారు.

హైమ టీ తాగింది, వాతావరణం గురించి మాట్లాడింది, మళ్ళీ టీ తాగింది. చివరికి మస్తానే అట్ట అడిగి తీసుకుని దూరంగా పట్టుకుని చూశాడు. ఈసారి చదివాడు. నన్ను తీసి తెల్లరంగులో ముంచాడు. పేరు దిద్దుతాడనుకున్నాను. కుడిమూల ‘మస్తాన్ ఆర్ట్స్’ మీద తెల్లగా పూసేశాడు. ఆయన పేరును నా చేతే తుడిపించాడు. నాకు ఇప్పటికీ ఆ పూత బరువుగానే ఉంటుంది.

“ఇంకో అట్ట తెచ్చుకోండమ్మా. వేరేవాళ్ళ చేత రాయించుకోండి. నాకిక చెయ్యి మాట వినటంలా,” అని నన్ను కడిగి తుడిచి హైమ చేతిలో పెట్టాడు. “ఇది నీ దగ్గరుంచు. నాకేం పని దీంతో.” లోపలికి వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

జైనబీ మాత్రం అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. ఇరవై రెండేళ్ళు యార్డులో తొడిమలు తీసిన మనిషి ఆమె. “ఆయన సంగతి నేను చూస్తాలే గాని,” అంది హైమతో, “మెరుపేందమ్మా నీ పిచ్చి. తొడాలు తీసేదాని చేతులు మండుతయ్ గాని మెరుస్తయ్యా? మా చెయ్యి తగిల్తే పసిపిల్లలు గుక్క పట్టేవాళ్ళు.” తన అరచేతులు చాపి చూపించింది. హైమ ఆ చేతులను చూస్తూ ఉండిపోయింది.

అలా నేను రెండో ఇంటికి చేరాను. హైమ బల్ల మీద పెన్నుల డబ్బాలో నాకు చోటిచ్చింది. నా పక్కన కంప్యూటర్ పలక మీద రాసే ప్లాస్టిక్ పెన్ను ఒకటి ఉండేది. దానికి రంగు అంటదు, వెంట్రుక ఊడదు, గర్వానికి మాత్రం లోటు లేదు. మర్నాడే హైమ సెలవు పెట్టి దాన్ని అందుకుంది. ఇరవై నాలుగు పేజీలు మళ్ళీ మొదటి నుంచి వేయడం మొదలుపెట్టింది.

ఫణి తల పట్టుకున్నాడు. “నా ట్రాన్స్‌ఫార్మర్ ఏమైంది?”

“అది మనది కాదు ఫణీ. ఎవరి కథల్లోంచో ఎత్తుకొచ్చాం. పేరు తప్పు రాశారనుకుంటున్నాం. కథే తప్పు రాసుకున్నాం మనం.”

ఫణి రెండు రోజులు అలిగాడు. మూడోరోజు కొత్త కథతో వచ్చాడు. తొడిమలు తీసీ తీసీ మంగ చేతుల్లో మంట చేరుతుంది. ఆమె ఎవరి మణికట్టు పట్టుకుంటే వాళ్ళు నిజం కక్కాల్సిందే. ట్రాన్స్‌ఫార్మర్‌ను ఒక బొమ్మలో వెనకాల ఊరికే నిలబెట్టుకున్నాడు, హైమ దయతలచి ఒప్పుకుంది. ఈలోగా అట్ట లేని పేజీకి జనం రావడం మానేశారు. ముప్ఫై నాలుగో రోజుకి లెక్క నూట ఇరవై దగ్గరే ఉంది. పాత అట్ట పెట్టేద్దామని ఫణి బతిమాలాడు. ఆ పేరు ఇప్పుడు తప్పు కాదు కదా అన్నాడు. “ఆయన ఒప్పుకుని సంతకం చేస్తేనే,” అంది హైమ. “లేకపోతే పుస్తకమే వద్దు.”

పేజీలు, అట్ట, నన్ను పట్టుకుని మళ్ళీ వెళ్ళారు. మస్తాన్ కళ్ళద్దాలు తుడుచుకుని పేజీలన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. పక్కన పెట్టి అన్నాడు, “నేను బాధపడతానని కథ మార్చావా తల్లీ? అట్టా అయితే నాకొద్దు. తప్పు తప్పే.”

హైమ అబద్ధం చెప్పలేదు. “మొదట మీ కోసమే అనుకున్నా బాబాయ్. నాలుగు పేజీలు వేశాక మీరు గుర్తులేరు.”

మస్తాన్ నమ్మలేదు. ఆ పేజీలను భార్య ముందుకు తోసి, “యార్డుకు పోయిందానివి నువ్వు. నువ్వు చెప్పు,” అన్నాడు. జైనబీకి చదువు రాదు. ఆయన చదువుతుంటే ఆమె బొమ్మలు చూసింది. అంతా అయ్యాక అంది, “బాగుంది గాని, ఒకటి మర్చిపోయారు. ఈ పిల్ల ఇక్కడ ఏడుస్తా కళ్ళు తుడుచుకుంది. ఎట్టా తుడుచుకుద్ది? ఆ చేతుల్తో కళ్ళు ముట్టుకుంటే గుడ్డిదయిపోద్ది. మేం ఎంత ఏడుపొచ్చినా కళ్ళు తుడుచుకునేవాళ్ళం కాదు.”

ఫణి నోరు వెళ్ళబెట్టాడు. సూపర్ హీరోకు ఒక బలహీనత ఉండాలని ఏడాదిగా వెతుకుతున్నాడు. అది ఇక్కడ టీ గ్లాసుల పక్కన దొరికింది.

“మరి ఏం చేసేవాళ్ళు పిన్నీ?” అడిగింది హైమ.

“ఏం చేస్తాం. ఇంటికొచ్చిందాకా ఆగేదాన్ని.” జైనబీ గడ్డంతో భర్తవైపు చూపించింది. “ఈయన తుడిచేవాడు. చేతుల నిండా రంగుండేది. అయినా మంట ఉండేది కాదు.”

మస్తాన్ గభాల్న కిటికీలోంచి వీధిలోకి చూడటం మొదలుపెట్టాడు. అక్కడ చూడవలసిందేమీ లేదు. కొంతసేపటికి చెయ్యి చాపాడు. హైమ నన్ను అందులో పెట్టింది. నల్లరంగులో ముంచి, కుడిమూల తెల్లపూత మీద ‘మస్తాన్ ఆర్ట్స్’ అని దించాడు. నేను వీలైనంత నిలకడగా నడిచాను.

ఆ మధ్యాహ్నమే అట్ట మళ్ళీ పేజీలోకి ఎక్కింది. జరిగింది జరిగినట్టు హైమ కింద రాసింది. కారం పొట్లం అడిగినాయన మొదట పుస్తకం కొన్నాడు. తర్వాత యార్డు నుంచి, కొట్ల నుంచి, ఎన్నడూ కామిక్ ముట్టని మనుషులు వచ్చారు. ముప్ఫై తొమ్మిదో రోజున మూడు వందల యాభై దాటింది. ఫణి మేనత్త రెండు కాపీలు తీసుకుని, తప్పు మొదట పట్టింది తనేనని వీధంతా చెప్పుకుంది.

ఇప్పుడు నా వెంట్రుకలు సగం ఊడిపోయాయి. అక్షరానికి పనికిరాను. హైమ రెండో పుస్తకానికి ముందుగా కాగితం మీద పెన్సిల్‌తో వేసుకుంటూ చెరిపినప్పుడు రాలే రబ్బరు పొట్టు ఊడుస్తుంటాను. ప్లాస్టిక్ పెన్ను పక్కనే ఉంది. ఛార్జింగ్ అయిపోయినప్పుడు మాత్రం కాస్త మర్యాదగా ఉంటుంది. రెండో పుస్తకం పేరు రాయడానికి మస్తాన్ కొత్త కుంచె కొన్నాడు. ఈసారి పేరు కాగితం మీద రాయించుకుని, జైనబీ చేత పట్టించి, చూస్తూ దించుతానన్నాడు. ఆమెకు అక్షరాలు రావు కదా అంటే, బొమ్మ తేడా వస్తే తనే పట్టుకుంటుందిలే అన్నాడు.

‘మిరప మంగ’ మీకు దొరికితే అట్ట కుడిమూల చూడండి, పేరు కింద తెల్లపూత కనిపిస్తుంది. ప్రెస్సువాళ్ళు శుభ్రం చేస్తామంటే హైమ ఒప్పుకోలేదు. తర్వాత చివరి పేజీ తిప్పండి. గెలిచిన మంగ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఏడుస్తుంటుంది. పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె కళ్ళు తుడుస్తుంటుంది. మనిషి కనపడడు, గోళ్ళలో పసుపు రంగు మాత్రం కనపడుతుంది. అది ఎవరి చెయ్యని పాఠకులు ఉత్తరాలు రాసి అడుగుతున్నారట. నలభై ఏళ్ళు నేను ఆ చేతిలోనే ఉన్నాను.