అతుకు లేని బండ

మాతో కూలి చేసే గేనూ మామ ఛాతీ మీద నల్లరాతి బండ పడ్డప్పుడు కాంట్రాక్టర్ సావంత్ నోట మొదట వచ్చిన మాట, "బండ పగిలిందేమో చూడండ్రా!"

అది ముంబై పరేల్‌లో మూతబడ్డ బట్టల మిల్లు. మా నాన్నలు మగ్గాలు నడిపిన షెడ్డులో ఇప్పుడు డబ్బున్నవాళ్లకు ఇళ్లు కడుతున్నారు. మేడ మీద మోడల్ వంటిల్లు. పాత ఇనుప స్తంభం, గీరిన ఇటుక గోడ అలాగే ఉండాలట, స్తంభం పక్కన ఒకే బండతో వంటగట్టు రావాలట. "రెండు ముక్కలు చేయించండి మేడమ్, మోయలేం" అని మామ అడిగితే, డిజైన్ గీసినావిడ ఒప్పుకోలేదు.

"అతుకు కనబడితే అందం పోతుంది."

ఆ రోజు ఆయుధపూజ. మిల్లు నడిచిన కాలం నుంచీ మా ఆనవాయితీ ఒకటే. స్తంభం దగ్గర పనిముట్లకు బంతిపూలు వేశాక తెల్లారేదాకా వాటిని ముట్టం. బరువులెత్తే గొలుసు కూడా పూజలోనే ఉంది. సావంత్ నవ్వాడు.

"మీ దేవుణ్ణి ముట్టకండి. చేతులతో ఎత్తండి. రేపు కొనేవాళ్లు చూడ్డానికొస్తున్నారు."

ఎత్తాం. బుద్ధి గడ్డి తిని ఎత్తాం. బండ జారింది. మామ అక్కడే పోయాడు.

సావంత్ నీళ్ల బకెట్ మా ముందు పెట్టాడు. "నెత్తురు కడిగేయండి. వీడు తాగి రోడ్డు మీద పడి చచ్చాడు. అర్థమైందా?"

కబురు విని మామ భార్య యమునాబాయి వంట మధ్యలో పిండి అంటిన చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. వెనకే మేముండే చాల్ గదుల్లోని ఆడవాళ్లంతా వచ్చారు. ఆమె మామ ముఖం తుడిచి, మా మీద విరుచుకుపడింది.

"గొలుసు ముట్టం అన్నారు, బాగుంది. రాయి ముట్టం అనడానికి నోళ్లు పడిపోయాయా? పూజ ఇనుముకేనా, మీ ఒంటికి లేదా?"

సిగ్గుతో చచ్చిపోయాం. అంతలో సావంత్ గూండాలు శవాన్ని దొడ్డిమెట్ల మీదుగా ఈడ్చుకుపోబోయారు. మాలో అడ్డం వెళ్లిన విఠూ తల కర్రదెబ్బకు చిట్లింది. యమునాబాయి తిన్నగా స్తంభం దగ్గరికి వెళ్లి, బంతిదండతో ఉన్న సమ్మెటను రెండు చేతులా ఎత్తింది.

"ఇంకా ఏం చూస్తున్నార్రా!"

పారలు, గడ్డపారలు పూలతోనే లేచాయి. ఒక గూండా మోచెయ్యి విరిగింది. నా పళ్లు రాలాయి. సావంత్ మెట్ల మీద దొర్లాడు. పోలీసులొచ్చి మమ్మల్నే కుళ్లబొడిచారు.

"ఇక్కడే చచ్చాడని కాగితం మీద రాయి సాహెబ్!" యమునాబాయిని వ్యానెక్కిస్తుంటే అరిచింది. "అది రాసేదాకా ఆ బండ కడగనివ్వకండే!"

ఆడవాళ్లు బండ చుట్టూ కూర్చుండిపోయారు.

పొద్దున కొనేవాళ్ల కార్లు వచ్చేసరికి, చుట్టుపక్కల కట్టుబడుల కూలీలంతా పని మానేసి పెద్దగేటు ముందు ఉన్నారు. వాళ్ల పనిముట్లకు నిన్నటి పూలు అలాగే ఉన్నాయి. సావంత్ మళ్లీ బకెట్ తెచ్చి వాళ్ల ముందు పెట్టాడు.

ముట్టేవాడు లేడు.