బల్ల మీద అయిదుగురు

నోటీసు బోర్డు ముందు పిల్లలు మూగారు. యాభై పర్సంటైల్ లోపు వచ్చినవాళ్ళు పై తరగతికి పనికిరారట, వేరే బడి చూసుకోవాలట. కింద హెడ్మాస్టరు సంతకం. నలభై మంది ఉన్న తరగతిలో ఇరవై పేర్లు. అందులో పిచ్చుక ఒకతి.

పిచ్చుక లెక్కల టీచరుకి అక్క కూతురు. పుస్తకాల సంచీ గుండెలకు అదుముకుని నిలబడింది.

"పిన్నీ, నన్నింక రావద్దంటారా?"

టీచరుకి ఒళ్ళు మండిపోయింది. విసవిసా స్టాఫ్ రూములోకి వెళ్ళింది. హెడ్మాస్టరు అక్కడే టీ తాగుతున్నాడు. గుమాస్తా, అటెండరు, డ్రిల్లు మాస్టారు కూడా ఉన్నారు.

"సార్, ఆ కాగితం తీసేయండి."

"ఎందుకు తీయాలమ్మా? పోయినేడు సగం మంది యాభై లోపు. ఈ ఏడూ సగం మంది యాభై లోపే. ఏడాది పొడుగునా మీరు ఊడబొడిచిందేంటి?"

"మార్కులు చూశారా? పోయినేడు ముప్ఫై దాటని పిల్లలు ఇప్పుడు అరవై దాటారు."

"మీ అక్క కూతురికి నలభై. నలభైని పాసంటారా? అయినవాళ్ళ పేరు బోర్డెక్కేసరికి న్యాయం గుర్తొచ్చిందా?"

ఆ మాట సూటిగా తగిలింది. పిచ్చుక పేరు లేకపోతే ఇంత వేగంగా ఈ గుమ్మం తొక్కేదా? ఏమో. అయినా తక్కిన పంతొమ్మిది మందీ ఎవరికో ఒకరికి కూతుళ్ళూ కొడుకులే కదా! టీచరు వెనక్కి తగ్గలేదు.

"దానికొచ్చిన మార్కులు అరవై ఎనిమిది. ఆ నలభై పర్సంటైల్, మార్కులు కాదు సార్. తరగతిలో నూటికి నలభై మంది దానికంటే వెనకున్నారని అర్థం. అంతే."

"ఏదైతేనేం, అందరూ యాభై దాటాలి. చైర్మన్ గారికి మాటిచ్చాను."

"దాటరు. దేవుడు దిగొచ్చి పాఠం చెప్పినా దాటరు."

గుమాస్తా చేతిలో పెన్ను ఆగింది. టీచరు గోడవారనున్న పొడుగు బల్లను బరబరా మధ్యకు లాగింది.

"లేవండి. పొట్టి నుంచి పొడుగుకి వరసగా నిలబడండి."

"నాకే డ్రిల్లా!" అని నవ్వుతూ లేచాడు డ్రిల్లు మాస్టారు. హెడ్మాస్టరు మొహం గంటు పెట్టుకునే లేచాడు. ముందు టీచరు, తర్వాత హెడ్మాస్టరు, మధ్యలో గుమాస్తా, ఆ పక్కన అటెండరు, చివర డ్రిల్లు మాస్టారు.

"గుమాస్తా గారికంటే పొట్టివాళ్ళు ఎంతమంది?"

"ఇద్దరు. మీరూ, సారూ," అన్నాడు డ్రిల్లు మాస్టారు. హెడ్మాస్టరు చెవులు ఎర్రబడ్డాయి.

"బల్లెక్కండి. అందరం మూరెడు ఎదిగాం. ఇప్పుడు?"

బల్ల కిర్రుమంది. అయిదుగురూ అదే వరసలో నిలబడ్డారు.

"ఇప్పుడూ ఆ ఇద్దరే," అన్నాడు అటెండరు మెల్లగా.

"బల్ల మీద బల్లేసినా ఆ ఇద్దరే. మీ నోటీసు ప్రకారం ముందు మనిద్దరమే బయటికి. పదండి సార్, నేనూ వస్తాను."

హెడ్మాస్టరు కదల్లేదు. కిందికి చూశాడు, పక్కకు చూశాడు.

"పోనీ, ఆ సగం పిల్లల్నీ పంపేస్తే మిగిలినవాళ్ళు యాభై పైనే ఉంటారుగా?"

"వచ్చే ఏడు మిగిలినవాళ్ళలో సగం కిందికొస్తారు. వాళ్ళనీ పంపండి. ఆఖరికి మీరూ, నేనూ, బోర్డూ మిగులుతాం."

"మరి చైర్మన్ గారికి ఏం చెప్పను?"

"ఆయన్నీ బల్లెక్కించండి."

హెడ్మాస్టరు పళ్ళు కొరికాడు. అటెండరు భుజం పట్టుకుని దిగాడు. "సరే, మార్కుల మీదే గీత గీస్తాను. ముప్ఫై అయిదు మార్కులు. అది దాటకపోతే మాత్రం ఎవరి అక్క కూతురైనా ఊరుకోను."

"ఊరుకోకండి. నాకప్పగించండి, మళ్ళీ చెప్తాను. తరమడం మాత్రం కుదరదు."

ఆయన బయటికి నడిచి కాగితం తనే చింపాడు. గుండుసూదికి ఒక ముక్క మిగిలింది. టీచరు దాన్ని కూడా లాగేసింది.

పిచ్చుక ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"పిన్నీ, నా నలభై పెరిగిందా?"

"లేదు. నలభైయే."

"మరి?"

"మరేం లేదు. పో, క్లాసులో కూర్చో."