తొగుటకు రెండు తీగలు

సిద్దిపేటలో కర్ణాకర్ గారి కేబుల్ ఇంటర్నెట్ ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా తీగలు లాగుతున్నాను. ఏడో తరగతితో చదువు ఆగింది. అయినా ఏ ఊరికి ఏ తీగ ఎటు పోయిందో తెలియాలంటే నన్నే అడగాలి. కాగితం మీద ఎక్కడా లేదు, నా తలలోనే ఉంది. నాకున్న ఆస్తి అదొక్కటే.

ఇంజనీరుగా సాత్విక చేరి మూడు నెలలు కాలేదు. ఆమెకు ఏసీ గదిలో తిరిగే కుర్చీ, నాకు నిచ్చెన. చాయ్ వస్తే మొదటి కప్పు ఆమెకే.

పోయిన వారం ఎవడో బయటివాడు ‘ఇటు దారి దగ్గర’ అని మా సర్వరుకు తప్పుడు కబురు పంపాడు. సర్వరు అది నమ్మి, సగం మంది నెట్టును వాడి మీదుగా తిప్పింది. మళ్లీ అలా జరగకుండా సెట్టింగులు బిగించడానికి సాత్విక కూర్చుంది.

“భూమన్నా, ఇగ బయటోడు చెప్పిన దారి సర్వరు నమ్మది. ఇంకోటి, ఏ తీగ మీద వస్తరో గదే తీగ మీద జవాబు పోవాలె. లేకుంటే దొంగోళ్లని పారేస్తది. మన దగ్గర వచ్చేదొక దిక్కు, పోయేదొక దిక్కు ఉన్న ఊర్లేమన్న ఉన్నయా?”

ఉంది. తొగుట. రిజర్వాయరు పనులప్పుడు వాళ్లకు రెండో తీగ లాగింది నేనే. వచ్చేది పాతదాని మీద, పోయేది కొత్తదాని మీద.

“గంత చదివినవు, నీకు తెల్వదా బిడ్డా?”

“మీకంటే ఎవరికి తెల్సన్నా?”

“నాకైతే యాదికి లేదు.”

“మీరు లేదంటే లేనట్టే” అని మీట నొక్కింది.

పావుగంటలో తొగుట మొత్తం ఆగిపోయింది. ఫోన్లు మొదలయ్యాయి. కర్ణాకర్ గారు లోపలికొచ్చి, “ఏంది సాత్వికా, దొంగలకు తాళమెయ్యమంటే ఊరికేసినవా?” అన్నారు. నా కడుపు చల్లబడింది.

ఆమె తెరలో కాసేపు వెతికింది. నా వైపు చూడలేదు. “తొగుటకు రెండు తీగలున్నయి సార్. నేనే జూస్కోలే.” ఆ రెండింటికి మాత్రం బిగింపు సడలించింది. నెట్టు వచ్చింది.

అంతటితో కుర్చీలోంచి లేస్తుందనుకున్నాను. లేవలేదు. ఒక్కో ఊరి రాకపోకలు సర్వరులోంచే తీసి, తీగల పటం గీసి గోడకు అంటించింది. చింతమడక, ఎర్రవల్లి, అన్నీ. నేను మరిచిపోయినవి కూడా ఉన్నాయి.

కర్ణాకర్ గారు దాన్ని ఫోనులో ఫోటో తీసుకున్నారు. “మస్తుంది. భూమయ్యా, ఇగ దినాం నీకు ఫోన్ జేసి సతాయించుడు తప్పింది” అని నవ్వారు.

నేనూ నవ్వాను. సాత్విక స్కెచ్ పెన్ను నా చేతికిచ్చి, “తప్పులేమన్న ఉంటే దిద్దున్రి అన్నా” అంది.

పొద్దుగూకేదాకా వెతికాను. ఒక్కటీ దొరకలేదు.