సూది నిలబడిన వెలుగు

బొంత సగంలో ఆగిపోయింది. జయంతి తన పాత నూలు చీరలను పొరలుగా పరిచి, ఒక అంచు నుంచి మిషను మీద వరసలు కుట్టుకుంటూ వచ్చి, మధ్యలో లేచి ఆసుపత్రికి వెళ్లింది. మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు. కూతురికి పుట్టబోయే బిడ్డ కోసం మొదలుపెట్టిన బొంత అది. ఇప్పుడు పాప పుట్టింది. ఆదివారం అమెరికాలోని ఆష్‌బర్న్‌లో, కూతురి ఇంట్లో బారసాల. ఉయ్యాలలో పాప కింద ఆ బొంతే ఉండాలని జయంతి భర్త పురుషోత్తం పట్టు.

మరో ఊరు క్యారీలో ఆయన ఇంటి పై గదిలో జయంతి మిషను ఉంది. విజయవాడ నుంచి బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్న నల్ల మిషను. ఇక్కడికొచ్చాక మోటారు బిగించుకుంది. చేత్తో చక్రం తిప్పితే కుట్టు చక్కగా పడుతోంది. పెడల్ తొక్కితే మాత్రం తప్పిపోతోంది. ఆయన సూది మార్చాడు, దారం మార్చాడు, నూనె వేశాడు. పోనీ, ఒక చేత్తో తిప్పుతూ ఇంకో చేత్తో గుడ్డను తోద్దామంటే వరస వంకరలు పోయింది.

"ఎందుకు నాన్నా అంత హైరానా? నేను ఆన్‌లైన్‌లో ఒకటి ఆర్డర్ చేస్తాలే," అంది మేధ ఫోన్‌లో.

"దానికి మీ అమ్మ చీర వాసన వస్తుందా?"

అటు పాప ఏడుపు అందుకుంటే మేధ ఫోన్ పెట్టేసింది.

వేగంలో తప్పుతున్నదాన్ని వేగంలోనే చూడాలి. వయసులో ఉండగా పనిచేసిన కాగితం మిల్లులో ఒక దీపం ఉండేది. తిరిగే రోలరు మీద అది టపటపా వెలుగుతుంటే రోలరు కదలకుండా నిలబడినట్టు కనిపించేది. అలాంటిదే చేసుకుందామనుకున్నాడు. మేధ కాలేజీలో వాడి వదిలేసిన ఆర్డ్యునో, ప్రోగ్రాం రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు, క్లోజెట్‌లో దొరికింది. దానికి ఒక తెల్లని ఎల్ఈడీ, వేగం మార్చడానికి ఒక నాబ్ కలిపాడు. ప్రోగ్రాం రాసి, బ్లైండ్స్ దించి, పెడల్ తొక్కాడు. నాబ్ ఎంత తిప్పినా సూది పొగలా అలుక్కుపోయి కనిపించింది.

"అమ్మ మిషన్‌కి డిస్కో లైటా!" ఫోన్‌లో సంగతి విని మేధ నవ్వింది. చాలా రోజులకు విన్న నవ్వు. "ఆన్ టైమ్ ఎంత పెట్టావు?"

"సగం వెలుగు, సగం చీకటి."

"అందుకే! అంతసేపు వెలిగితే సూది కదిలిపోదూ? వెలుగు ఒక్క చిటిక ఉండాలి, అది మార్చకు. నాబ్‌తో చీకటిని మాత్రమే పెంచు, తగ్గించు."

అలాగే మార్చాడు. మెల్లగా నాబ్ తిప్పుతుంటే వణుకుతున్న సూది నెమ్మదించి, ఒకచోట నిలబడింది. ఇంకాస్త తిప్పితే నీళ్లలో మునుగుతున్నట్టు నింపాదిగా దిగి, లేవడం మొదలుపెట్టింది. అప్పుడు కనిపించింది. సూది లేచేటప్పుడు, మెత్తటి చీరల పొరలు కూడా దానితో పాటు పైకి లేస్తున్నాయి. దాంతో సూది దగ్గర దారం ఉచ్చులా విచ్చుకోవడం లేదు. సూది పక్కన రేకు జరిపి చూస్తే, కింద ఆ ఉచ్చును అందుకోవాల్సిన షటిల్ కొన ఉత్తినే తిరిగిపోతోంది.

గుడ్డను అదిమే ఫుట్ వదులుగా ఉందన్నమాట. పైనున్న మరను బిగించాడు. ఈసారి పై చీర జారి ముడతలు పడింది. అంటే జయంతి తెలిసే వదులు చేసింది. మరను మళ్లీ మునుపటిలా వదిలేశాడు.

మరి ఆమెకు కుట్టు ఎలా పడింది?

ఆగి ఆగి వెలుగుతున్న ఆ దీపం కింద ఖాళీగా ఉన్న గుడ్డను చూస్తూ కూర్చున్నాడు. అక్కడ ఆమె ఎడమ చెయ్యి ఉండేది. సూదికి అటొకటి, ఇటొకటి రెండు వేళ్లు ఆనించి గుడ్డను అదిమిపట్టేది. "వేళ్లు తియ్యవే, సూది దిగుతుంది," అని ఆయన గుమ్మంలోంచి కసురుకునేవాడు. "మీరు చూడకండి, సరిపోతుంది," అనేది.

భయపడుతూనే రెండు వేళ్లూ అక్కడ ఆనించి, పెడల్ తొక్కాడు. గుడ్డ లేవలేదు. దారం చిన్న ఉచ్చులా విచ్చుకుంది. షటిల్ కొన దాన్ని అందుకుంది. మళ్లీ అందుకుంది. కళ్లలో నీళ్లు నిండి సూది కనిపించకపోతే పెడల్ మీద నుంచి కాలు తీశాడు. తుడుచుకుని, దీపం ఆపి, బ్లైండ్స్ ఎత్తి, పగటి వెలుగులో కుట్టడం మొదలుపెట్టాడు.

ఆదివారం మేధ బొంతను పరిచి, వరసల మీద చెయ్యి పోనిచ్చింది. ఒకచోట వేళ్లు ఆగాయి.

"ఇక్కడిదాకా అమ్మ."

"తెలిసిపోతోందా?"

"వంకర చూడు నాన్నా! నీ వైపు కాళ్ల దగ్గర పెడతాను."

"అలాగే పెట్టు."

జయంతి కుట్టిన వైపు తల ఉంచి పాపను పడుకోబెట్టారు. పాట మొదలవగానే పాప రెండు కాళ్లూ బొంతకేసి తపతపా కొట్టింది. పురుషోత్తం వంగి ఆ కాళ్ల కింద వరసల్ని చూశాడు. ఒక్క కుట్టూ ఊడలేదు.